చైనా నుంచి దత్తత వచ్చిన అమ్మాయికి ఆ దేశం ఏమవుతుంది?

మీ కాబోయే భార్య చైనాలో పుట్టి అమెరికాలో దత్తత పెరిగిందనీ, చైనా వస్తువులు పెట్టెనిండా దాచుకుందనీ, అయినా చైనా మాటెత్తితే ముభావంగా ఉంటుందనీ రాశారు. మా ఇంట్లోనూ ఇదే కథ కాబట్టి నాకు తెలిసింది చెబుతున్నాను.

మా ఆవిడది జియాంగ్సీ ప్రావిన్స్. 2004లో మూడేళ్ల పిల్లగా మిన్నెసోటా వచ్చింది. ఆ పెట్టెలో ఉన్నవన్నీ తన జ్ఞాపకాలే అని మొదట్లో నేనూ పొరబడ్డాను. చాలావరకు వాళ్లమ్మవి. అప్పట్లో దత్తత తీసుకున్న అమెరికా వాళ్లంతా పిల్లల వీసా కోసం గ్వాంగ్‌జౌ నగరానికి వెళ్లాల్సిందే. అప్పటి అమెరికా కాన్సులేట్ పక్కనే వైట్ స్వాన్ అనే పెద్ద హోటల్. అక్కడ దిగినవాళ్లకు ఓ బార్బీ బొమ్మ ఇచ్చేవారు: తెల్లమ్మాయి, చేతుల్లో చైనా పసిపాప. పేరు చెక్కిన రాతి ముద్ర, పట్టు గౌను మా అత్తగారు ఆ చుట్టుపక్కల కొట్లలో కొన్నవి. "అది అమ్మ టూరు సామాను" అంటుంది మా ఆవిడ. ఆ ముద్రను చిన్నప్పుడు హోంవర్కు పుస్తకాల మీద తలకిందులుగా కొట్టేదట. తప్పని చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరున్నారు?

అచ్చంగా తనది అనుకునేది ఒక్కటే, చిన్న పేపరు ముక్క. దత్తతకు ముందు, కన్నవాళ్లు ఎవరైనా వస్తారేమోనని పత్రికలో ప్రకటన వేసి అరవై రోజులు చూసేవారు. స్టాంపంత ఫొటో, పాప దొరికిన చోటు, దొరికిన తేదీ, సుమారు వయసు. తన పుట్టినరోజు కూడా ఆ "సుమారు"లోంచి వచ్చిందే. ఆ ముక్క పెట్టెలో ఉండదు, పాస్‌పోర్టు కవరులో ఉంటుంది.

పెళ్లి మాట చెప్పగానే గుంటూరు నుంచి అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "నక్షత్రం ఏంటిరా?" పుట్టిన టైము సంగతి అటుంచి, తేదీకే గ్యారంటీ లేదు. నాకు ఒకటే టెన్షన్. మా పురోహితుడుగారు మాత్రం తేలిగ్గా, పేరులో మొదటి అక్షరం చెప్పమన్నారు. ఏ పేరు? లైసెన్సు మీదున్న ఇంగ్లీషు పేరా, చైనాలో అనాథాశ్రమంలో పెట్టిన పేరా? తను కాసేపు ఆలోచించి చైనా పేరే చెప్పింది. "లీ" అక్షరం, భరణి నక్షత్రం. ఇంటిపేరు ఫు. అక్కడ సంక్షేమ గృహాన్ని ఫులీయువాన్ అంటారు. తను ఉన్నచోట పిల్లలందరికీ అందులోంచే ఇంటిపేరు పెట్టారు. వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారని నాన్న తెగ సంబరపడ్డారు. అది ఏ ఇంటి పేరో ఆయనకు నేను చెప్పలేదు.

2024 సెప్టెంబరులో చైనా, దగ్గరి బంధువులకు తప్ప, విదేశీ దత్తతలు ఆపేసినట్టు ప్రకటించింది. అప్పటికే ఒక్క అమెరికాకే 82 వేలమందికి పైగా పిల్లలు వచ్చారు. ఆ వార్త చదివి మా ఆవిడ "ఇంక ఎవరూ రారన్నమాట" అని, లేచి వెళ్లి గిన్నెలు కడిగింది. బాధో, ఊరటో నాకు ఇప్పటికీ తెలీదు.

"నువ్వు చైనానా, అమెరికానా" అని మాత్రం అడక్కండి. పెట్టె తెరిచినప్పుడు, ఇది ఎవరు కొన్నారని అడగండి, మాటలు వాటంతటవే వస్తాయి. ఇంకోటి, మీ అమ్మగారు నక్షత్రం అడిగేలోపే ఆ అమ్మాయికి సంగతేమిటో చెప్పి ఉంచండి. నేను చెప్పలేదు. స్పీకర్‌లో వింది.