వ్యాసం పంపే ముందు లైబ్రరీ మెట్లెక్కు

ప్రశ్న: అక్కా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. అక్టోబరులో జర్మనీలో పీహెచ్‌డీలో చేరుతున్నాను. వాళ్లు పంపిన కాగితాల్లో గోల్డ్, గ్రీన్, ఏపీసీ, ఫెయిర్, డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్ అని ఏవేవో ఉన్నాయి. ఇవన్నీ ఇప్పుడే తెలుసుకోవాలా?
– ఒక విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: చెల్లీ, కొత్తగా వచ్చే పిల్లలందరూ చలికోటు గురించి, కందిపప్పు దొరుకుతుందా అని అడుగుతారు. నువ్వు ఇది అడిగావు, సంతోషం. తెలుసుకోవాలి, అదీ విమానం ఎక్కకముందే. తెలుసుకోకుండా వచ్చి నేను 1,800 యూరోలు కట్టాను.

2011 నాటి మాట. పెదవాల్తేరు నుంచి వచ్చి రెండేళ్లయింది. నా మొదటి పరిశోధన వ్యాసాన్ని ఒక పత్రిక అంగీకరించింది. తరువాత వచ్చిన ఫారంలో ‘ఓపెన్ యాక్సెస్ కావాలా’ అని ఒక గడి ఉంది. విశాఖలో నాకు పాఠం చెప్పిన మేడం కూడా ఉచితంగా చదువుకోవచ్చు కదా అని టిక్కు పెట్టాను. పాఠకులు కట్టని డబ్బు రచయిత కట్టాలన్న సంగతి తట్టలేదు. మూడు వారాలకు నా పేరున బిల్లు వచ్చింది. అప్పటి లెక్కలో లక్షా పదిహేను వేల రూపాయలు, నా నెల స్టైపెండును మించిన మొత్తం. అదే నెల గాజువాకలో చదువు అప్పు వాయిదా కట్టాలి. నాన్నకు చెప్పలేదు. గదిలో ఉన్న ఇద్దరు తెలుగు అమ్మాయిల దగ్గర చేబదులు తీసుకుని కట్టేశాను. ఏడు నెలలు మధ్యాహ్నం క్యాంటీన్ వైపు వెళ్లకుండా, పెరుగన్నం డబ్బాతో గడిపి, పైసాతో సహా తీర్చాను.

ఆ తరువాత లైబ్రరీకి వెళ్తే అక్కడి ఉద్యోగిని చెప్పింది, ఇలాంటి ఖర్చుకు నిధి ఉందని, అయితే వ్యాసం పంపే ముందే అర్జీ పెట్టాలని.

ఆ బిల్లు పేరే ఏపీసీ, అంటే ప్రచురణకు రచయిత వైపు నుంచి వసూలు చేసే రుసుము. నేచర్ పత్రిక దీన్ని 2020లో 9,500 యూరోలుగా ప్రకటించింది. నేను వ్యాసం పంపినది హైబ్రిడ్ పత్రిక. అది చందాతో నడుస్తుంది, డబ్బు కట్టిన వ్యాసాన్ని మాత్రం అందరికీ తెరుస్తుంది. టిక్కు పెట్టకపోయినా నా వ్యాసం వచ్చేది, పైసా ఖర్చు లేకుండా. గోల్డ్ అంటే మొత్తం పత్రికే తెరిచి ఉంటుంది. వాటిలో రుసుము తీసుకునేవీ ఉన్నాయి, తీసుకోనివీ ఉన్నాయి. రచయితా పాఠకులూ ఇద్దరూ కట్టనవసరం లేనిది డైమండ్. గ్రీన్ అంటే సమీక్ష పూర్తయి అంగీకారం పొందిన నీ ప్రతిని విశ్వవిద్యాలయం రిపాజిటరీలో, అంటే అందరూ చదువుకోగల ఆన్‌లైన్ భాండాగారంలో, నువ్వే పెట్టుకోవడం. దానికి పత్రిక విధించే గడువును ఎంబార్గో అంటారు. ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధనకు 12 నెలల తరువాత ఈ హక్కును 2014 నుంచి జర్మనీ చట్టమే ఇస్తోంది. షరతులు లైబ్రరీ వెబ్‌సైటులో చూసుకో.

నీ కాలం నయం. డీల్ పేరుతో జర్మనీ విద్యా, పరిశోధన సంస్థలు పెద్ద ప్రచురణ సంస్థలైన వైలీతో 2019లో, స్ప్రింగర్ నేచర్‌తో 2020లో, ఎల్సెవియర్‌తో 2023లో ఒప్పందాలు చేసుకున్నాయి. నీ సంస్థ వాటిలో ఉండి, కరెస్పాండింగ్ రచయితవు, అంటే పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయితవు, నువ్వే అయితే బిల్లు సాధారణంగా సంస్థకే వెళ్తుంది. విశ్వవిద్యాలయం ఈమెయిలుతోనే వ్యాసం పంపు, సొంత జీమెయిల్‌తో వద్దు. మన దేశంలోనూ 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద దాదాపు 13,000 పత్రికలు అందుతున్నాయి. మా మేడం కోసం నేను పడ్డ తాపత్రయం నువ్వు పడనక్కరలేదు.

లైసెన్సు గడిలో సీసీ బై అని కనిపిస్తే, నీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చని అర్థం. వ్యాపారానికి కూడా.

డేటా సంగతి కూడా డబ్బు సంగతే, చెల్లీ. 2012లో సెలవులకు వచ్చినప్పుడు ఫిషింగ్ హార్బర్‌లో పడవ మాట్లాడుకుని ఆరు రోజులు నీటి లవణీయత కొలిచాను. మూడేళ్ల తరువాత ఒక సమీక్షకుడు ఆ పట్టిక అడిగాడు. తెరిచి చూస్తే ఒక నిలువు వరుస తలమీద ‘ఎస్3’ అని ఉంది. మూడో స్థలమా (సైట్), మూడోసారి కొలిచిన లవణీయతా (సాలినిటీ)? రాసింది నేనే, గంటసేపు చూసినా తేలలేదు. ఆ రెండు అక్షరాలకు మళ్లీ విమాన టికెట్టు, మళ్లీ పడవ అద్దె.

ఆ వరుస ఏమిటో, ఏ కొలమానమో, ఎక్కడ, ఎప్పుడు కొలిచారో చెప్పే వివరమే మెటాడేటా. దాన్ని ఎవరు రాస్తారు, ఎక్కడ దాస్తారు, ఎన్నేళ్లు ఉంచుతారు అన్నది ముందే రాసుకుంటే డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్ అవుతుంది. జర్మనీలో పరిశోధనకు నిధులిచ్చే సంస్థ డీఎఫ్‌జీ మామూలుగా పదేళ్లు ఉంచమంటుంది. 2016లో వచ్చిన ఫెయిర్ సూత్రాల సారం ఏమిటంటే, డేటా వెతికితే దొరకాలి, అందాలి, ఇతర డేటాతో కలిసిపోవాలి, మళ్లీ వాడుకోవడానికి వీలుండాలి. అన్నీ అందరికీ తెరవాలని అందులో లేదు. చూడాలంటే ఎవరిని అడగాలో తెలిస్తే చాలు. దాచడానికి డబ్బు ఖర్చు పెట్టకు. ఐరోపా భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ నడిపే ఆన్‌లైన్ భాండాగారం జెనోడోలో ఒక్కో రికార్డుకు 50 జీబీ వరకు ఉచితం, డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య కూడా ఇస్తారు.

ఇంకా విశాఖలోనే ఉన్నావు కాబట్టి నీ ఎమ్మెస్సీ పట్టికలు తెరిచి, ప్రతి నిలువు వరుసకు ఒక వాక్యం రాసి మీ గైడుకు చూపించు. మొదటి వ్యాసం అంగీకరించారని కబురు వచ్చిన రోజు, ఫారంలో ఏ గడినీ ముట్టుకోకముందు నాకు రాయి.