పచ్చ సిరా

బుజ్జమ్మా,

ఉద్యోగం మానేసి సివిల్స్‌కి చదువుతావని, హైదరాబాద్ అశోక్ నగర్‌లో రూమ్ కూడా చూసుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చదువు సంగతి నీకు నేను చెప్పేదేముంది? వేళకు తిను. ప్రిలిమ్స్ రెండో పేపరు సీశాట్‌ని తేలిగ్గా తీసుకోకు, అందులో 33 శాతం రాకపోతే మొదటి పేపర్లో ఎన్ని వచ్చినా లాభం లేదు.

నా భయం వేరే. నేనూ ఆ చుట్టుపక్కలే గదిలో ఉండి గ్రూప్ వన్‌కి చదివాను. రఫ్ నోట్సు వెనక పచ్చ సిరాతో సంతకాలు పెట్టి చూసుకునేవాణ్ణి. ఫలితాలొచ్చిన రోజు పేపర్లో నా నంబరు లేదు. నాలుగుసార్లు వెతికాను. అదే రోజు కొవ్వూరికి ఉత్తరం రాశాను, ‘ఇంటర్వ్యూకి పిలుస్తారు’ అని.

పది రోజులకి మీ తాతయ్య గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చారు. తువ్వాలు మడత విప్పి రత్నం పెన్ను తీశారు. రాజమండ్రి వెళ్లి కొన్నారట. పక్కన చిన్న సీసాలో పచ్చ సిరా. దారిలో కాస్త కారి తువ్వాలంతా మరక. "గెజిటెడ్ ఆఫీసరు దీంతోనే కదరా సంతకం పెట్టేది" అన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. రెండు చేతులా అందుకున్నాను.

తర్వాత ఎవరి ద్వారానో ఆయనకు తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున్నే టీకొట్టుకి వెళ్లడం మాత్రం మానేశారు.

నంబరు లేకపోతే నేనే లేనట్టు అనుకున్నానమ్మా, ఆ అబద్ధం అక్కడే పుట్టింది. తర్వాత బళ్లో లెక్కలు చెప్పాను. లెక్క తేలగానే బోర్డు దగ్గర పిల్లాడు గిరుక్కున తిరిగి నా మొహం చూసేవాడు. అంత సంతోషం ఎదురుగా ఉన్నా, పదేళ్లపాటు అద్దంలో ఆఫీసరు కాలేకపోయినవాడే కనపడ్డాడు నాకు.

సివిల్స్ ఇంటర్వ్యూకి 275 మార్కులు, దాన్ని పర్సనాలిటీ టెస్ట్ అంటారు. నా టెస్టు ఆ గదిలో మా నాన్న ముందే అయిపోయింది.

రిజైన్ చేసిన సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదట! ఇదేం పని? తిడితే తిట్టనీ, ఈ రాత్రికే చెప్పు. నా తల్లివి కదూ.

శనివారం బస్సుకి పెద్దమ్మ ఆవకాయ పంపుతోంది. ఫలితం వచ్చిన రోజు, ఏదైనా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

పెదనాన్న