ఇంగ్లండ్‌లో ఫ్రీలాన్స్ పని: ఆగిపోయిన బిల్లును రాబట్టుకునే దారి

మిర్యాలగూడ నుంచి వచ్చి, స్కిల్డ్ వర్కర్ వీసా ఉన్న భర్తకు డిపెండెంట్‌గా లండన్‌లో ఉంటున్న ఒక చెల్లెలి సందేహం ఇది. ఒక రెస్టారెంట్‌కు ఆమె వెబ్‌సైట్ తయారుచేసి ఇచ్చారు. సైటు నడుస్తోంది కాని, రావలసిన 2,400 పౌండ్లు నెలలు గడిచినా రాలేదు. యజమానిదీ నల్లగొండ జిల్లాయే కావడంతో గట్టిగా అడగడానికి మొహమాటం. పైగా ఒప్పందం కాగితం మీద లేదు.

చెల్లెమ్మా, డిపెండెంట్ వీసా మీద మీరు సొంతంగా పని చేసుకోవచ్చు కాబట్టి వీసా గురించి దిగులు వద్దు. ఇక్కడ చదువు పూర్తయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా వారికీ ఆ వీలుంది. స్టూడెంట్ వీసా వారికి మాత్రం లేదు. వారు కోర్టు మాట ఎత్తే ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలవడం మంచిది.

నోటిమాట ఒప్పందం కూడా ఇక్కడ చెల్లుతుంది. ధర ఒప్పుకున్న వాట్సాప్ సందేశాలు, ఈమెయిళ్లు, సైటు అప్పగించిన తేదీ, మీరు పంపిన ఇన్వాయిస్ అన్నీ సాక్ష్యాలే. చెల్లింపు తేదీ అనుకోకపోతే, ఇన్వాయిస్ అందిన రోజు, పని పూర్తయిన రోజు ఈ రెండింటిలో ఏది తర్వాతిదైతే అక్కడి నుంచి 30 రోజులు దాటాక అది ఆలస్యమైన బాకీ అవుతుంది. అప్పటి నుంచి, వ్యాపారాల మధ్య బాకీలకు వర్తించే 1998 నాటి చట్టం ప్రకారం, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మూల రేటుకు 8 శాతం కలిపి వడ్డీ అడగవచ్చు. ఇది మన దగ్గర నూటికి రెండు రూపాయలన్నట్టు నెలవారీ లెక్క కాదు, ఏడాది లెక్క. దానికి తోడు మీ బాకీ వెయ్యికీ పదివేలకూ మధ్య ఉంది కనుక 70 పౌండ్ల స్థిర పరిహారం కూడా వస్తుంది. ఊళ్లో ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటకముందే తిరగరాయించుకుంటాం; ఇక్కడ దావాకు ఆరేళ్ల గడువుంది. అలాగని ఆగవద్దు.

అసలు బాకీదారు ఎవరన్నది ముందు తేల్చుకోవాలి. బోర్డు మీద ఒక పేరు, లిమిటెడ్ కంపెనీకి మరో పేరు ఉండడం మామూలే. కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసి, బాకీ కట్టకపోతే దావా వేస్తానని తెలిపే నోటీసును సరైన పేరు మీదనే పంపండి. కంపెనీకైతే సాధారణంగా 14 రోజుల గడువు సరిపోతుంది. యజమాని సొంత పేరు మీదే వ్యాపారం నడుపుతుంటే 30 రోజులివ్వాలి. కంపెనీని రద్దు చేయించుకోవడానికి దరఖాస్తు పెట్టినట్టు కనిపిస్తే వెంటనే అభ్యంతరం దాఖలు చేయండి, ఎందుకంటే అది రద్దయ్యాక వసూలు చాలా కష్టం.

కోపంతో సైటును మూసివేయకండి. దాని కాపీరైట్‌ను మీరు రాసి ఇవ్వనంతవరకు అది మీదే అయినా, వ్యాపారం దెబ్బతిన్నదంటూ ఆయన ఎదురు దావా వేయవచ్చు.

నోటీసుకూ కదలిక లేకపోతే ఆన్‌లైన్‌లోనే దావా వేయవచ్చు. పదివేల పౌండ్ల లోపు కనుక ఇది చిన్న మొత్తాల దావాలకు ఉన్న స్మాల్ క్లెయిమ్స్ పద్ధతిలో నడుస్తుంది. అక్కడ లాయరు ఖర్చు సాధారణంగా తిరిగి రాదు గనుక చాలామంది తామే వాదించుకుంటారు. గెలిస్తే కోర్టు ఫీజు మాత్రం వస్తుంది. ఆయన దావాను ఎదుర్కొంటే ఫోన్‌లో ఉచిత మధ్యవర్తిత్వం ఉంటుంది. 2024 మే నుంచి అది తప్పనిసరి. జిల్లా మొహమాటం అడ్డొచ్చే చోట మూడో మనిషి మాట్లాడడం నిజానికి ఇద్దరికీ తేలిక. తీర్పు వచ్చాక నెలలోపు పూర్తిగా కట్టకపోతే అది ఆరేళ్లపాటు కోర్టు తీర్పుల రిజిస్టరులో ఉండి, కొత్త అప్పులు పుట్టడం కష్టమవుతుంది. ఆ సంగతిని నోటీసులోనే మర్యాదగా ఒక వాక్యంలో రాయండి.