నీటి మీద ప్లాస్మా వెలిగించబోయే మనుమరాలికి

చిరంజీవి మనుమరాలికి కావలి నుంచి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఒంగోలులో ఉప్పునీటినే ఒక ఎలక్ట్రోడుగా పెట్టి, వాక్యూమ్ పంపు లేకుండా మామూలు గాలిలోనే ప్లాస్మా, అంటే కరెంటు పారి మెరిసే వాయువు, వెలిగించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. 1887లో గుబ్కిన్ అనే శాస్త్రవేత్త వెండి నైట్రేటు ద్రావణం మీద డిశ్చార్జిని, అంటే వాయువు గుండా పారే కరెంటును, నిలిపి, నీటి పైపొరలోనే వెండిని రాబట్టిన సంగతి నేను ఏటేటా తరగతిలో చెప్పేవాణ్ణి. ఆ దారిలోకి మన ఇంటి పిల్లే వచ్చిందంటే నా గుండె ఉప్పొంగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదమ్మా.

చిన్న సంగతులు నీకు తెలిసినవే. రెండో ఎలక్ట్రోడైన టంగ్‌స్టన్ కడ్డీకీ నీటికీ నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం చాలు. అతినీలలోహిత కిరణాలను ఆపే కళ్ళద్దాలు పెట్టుకో. నైట్రోజన్ ఆక్సైడ్లు గదిలో నిలవకుండా ఎగ్జాస్ట్ ఫ్యాను తిప్పు. కరెంటును అదుపులో ఉంచే బల్లాస్ట్ రెసిస్టరు దగ్గర మాత్రం పొదుపు చూడవద్దు. అది లేకపోతే డిశ్చార్జి చూస్తుండగానే విపరీతమైన కరెంటు లాగే ఆర్కుగా మారిపోతుంది. 80 మిల్లీ ఆంపియర్ల దగ్గర 5 కిలో ఓముల రెసిస్టరు 32 వాట్ల వేడిని భరించాలి కనుక, 100 వాట్లదే కొను.

ఇక నా భయం చెబుతాను. ముప్పై ఏళ్ళ కిందట ఇస్కపల్లి ఉప్పు మళ్ళ నుంచి తెచ్చిన ఉప్పును కరిగించి ఇదే ప్రయోగం చేశాను. కడ్డీని ఎర్తుకు కలిపి, హై వోల్టేజీ తీగను నీటిలోకి దించాను. గాజు గొట్టం నుంచి పొర్లిన నీరు కింది పళ్ళెంలో పడేది. సోడియం పసుపు వెలుగు నీటి మీద నిలబడి గుండ్రంగా కదులుతుంటే నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. పళ్ళెం నిండి, నీరు దారంలా బల్ల అంచు దాకా పాకింది. రీడింగు రాసుకోవడానికి వంగిన నా సహాయకుడు ఆ తడిలో అరచెయ్యి ఆనించాడు, ఆ వెంటనే వెనక్కి పడ్డాడు. ప్రాణం దక్కింది. కానీ కాలిన ఆ అరచేతిని నేను మరచిపోలేదు. ఆ పొరపాటు పూర్తిగా నాదే. తీగలకు రబ్బరు తొడుగు వేసినవాణ్ణి, నీరు కూడా తీగేనని తలచుకోలేదు.

కాబట్టి ద్రావణాన్నే ఎర్తుకు కలుపు, పాజిటివ్ వోల్టేజీని కడ్డీకి ఇవ్వు. అప్పుడు నీరు కాథోడు, అంటే నెగటివ్ ఎలక్ట్రోడు, అవుతుంది, పొర్లినా ఆ నీటికి వోల్టేజీ ఉండదు. పళ్ళేన్ని నిండక ముందే ఖాళీ చెయ్యి. ఇంత చెప్పినా చెయ్యి తడిగా ఉంటే బల్ల దగ్గరకు పోవద్దు, ఒంటరిగా అసలే వద్దు. నా మాట పెడచెవిన పెడితే ఒంగోలు వచ్చి సప్లై తీగలు నేనే ఊడదీస్తాను.

స్విచ్ ఆపినా సప్లైలోని కెపాసిటరులో ఛార్జి నిలిచి ఉంటుంది. 2 మైక్రోఫారడ్ల దానికి అడ్డంగా 1 మెగా ఓము రెసిస్టరు ఉన్నా పది సెకన్లు ఆగాలి. ఆ తరువాత కూడా, మిగిలిన ఛార్జిని భూమిలోకి దించే ఎర్తు కర్ర తాకించకుండా ముట్టుకోవద్దు. నా పాత ఎర్తు కర్రకు కొత్త రాగి కొక్కెం వేయించి, రబ్బరు చాపతో కలిపి రేపటి ఆర్టీసీ పార్సిలులో పంపుతున్నాను. అది చేరాకే సప్లై వెయ్యి తల్లీ, ఆ ముందర ఒకసారి నాకు ఫోను చెయ్యి.

మీ తాతయ్య