మొదటి ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాప్ పెట్టబోతున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

12 మందితో మూడున్నర గంటల వర్క్‌షాప్ అన్నావు. నీ ప్లానులో ఎల్‌ఈడీ, బటన్, సెన్సర్, సర్వో మోటార్ (చెప్పిన కోణానికి తిరిగేది), తెర మీద బొమ్మ, వైఫై అన్నీ ఉన్నాయి. మోటార్, వైఫై తీసెయ్. సర్వో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే ఆర్డుయినో బోర్డు (కోడ్ నడిపే చిన్న కంప్యూటర్) రీసెట్ అవుతూ ఉంటుంది. దానికి విడిగా 5 వోల్టుల సప్లై పెట్టి, రెండు గ్రౌండ్‌లూ (మైనస్ వైపులు) కలపాలి. అది రెండో వర్క్‌షాప్ పని. మొదటిసారి వచ్చినవాళ్లు పని చేయని సర్క్యూట్‌ను తామే సరిచేసుకోగలిగితే చాలు. దానికి తీరిక కావాలి, అందుకే ఈ కోత.

ఇద్దరికో సెట్టు చొప్పున ఆరు, పైన రెండు స్పేర్. సెట్టులో ఆర్డుయినో ఉనో ఆర్3, యూఎస్‌బీ కేబుల్, బ్రెడ్‌బోర్డ్ (టంకం లేకుండా వైర్లు గుచ్చే రంధ్రాల పలక), ఎర్ర ఎల్‌ఈడీలు రెండు, 220 ఓమ్ రెసిస్టర్లు రెండు, 10 కిలో ఓమ్‌ది ఒకటి, పుష్ బటన్, ఎల్‌డీఆర్ (వెలుతురు సెన్సర్), డజను జంపర్ వైర్లు. ఒకరు వైర్లు గుచ్చితే ఇంకొకరు కోడ్ కొట్టాలి. ప్రతి అభ్యాసానికీ చేతులు మారాలి, లేకపోతే చురుకైనవాళ్లు చేస్తుంటే పక్కవాళ్లు చూస్తూ కూర్చుంటారు.

ముందురోజు ప్రతి కేబుల్‌నూ బోర్డుకు తగిలించి చూడు. కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కే పనికొస్తాయి. బోర్డు మీద లైటు వెలుగుతుంది, కోడ్ రాసే ఎడిటర్‌లో మాత్రం పోర్ట్ కనిపించదు. అరగంట అక్కడే పోతుంది. చవక బోర్డుల్లో యూఎస్‌బీ పనికి సీహెచ్340 చిప్ ఉంటే కొన్ని కంప్యూటర్లకు డ్రైవర్ వేయాల్సి వస్తుంది, ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకో. లైనక్స్ వాడేవాళ్లకు సీరియల్ పోర్ట్ అనుమతి ఇవ్వాలి. ఏ భాగమూ తగిలించకముందే అందరి చేతా బ్లింక్ ప్రోగ్రామ్ (బోర్డు మీది చిన్న లైటును మినుకుమనిపించేది) అప్‌లోడ్ చేయించు. ఆ గండం దాటాకే వైర్లు. 0, 1 పిన్నుల జోలికి పోవద్దని ముందే చెప్పు. అవి కంప్యూటర్‌తో మాట్లాడే పిన్నులు, వాటికి ఏదైనా తగిలించి ఉంటే అప్‌లోడ్ ఆగిపోవచ్చు.

ఎల్‌ఈడీకి రెసిస్టర్ ఎందుకని అడుగుతారు. లెక్క గోడ మీది బోర్డు మీద వేసి చూపించు: 5 వోల్టుల్లో ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 పోతాయి, మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే 14 మిల్లీఆంపులకు కాస్త తక్కువ. ఉనో ఆర్3 పిన్నుకు 20 వరకు క్షేమం, 40 దాటకూడదు. రెసిస్టర్ లేకుండా పెట్టినా ఎల్‌ఈడీ వెంటనే మాడకపోవచ్చు, అదే ప్రమాదం. బాగానే ఉంది కదా అనుకుని అలాగే వదిలేస్తారు, పిన్ను దెబ్బతింటుంది. రెసిస్టర్ మీది రంగుల పట్టీలు గదిలో వెలుతురు చాలక తప్పు చదువుతారు: 220కి ఎరుపు, ఎరుపు, గోధుమ, 10 కిలోకి గోధుమ, నలుపు, నారింజ. అయిదు పట్టీలవైతే వరుస వేరు. మల్టీమీటర్ ఒకటి బల్ల మీద పెట్టు.

ఎవరిదో ఒకరిది వెలగదు. అప్పుడు నీ చేతులు వెనక్కి కట్టుకో, ఇది మాత్రం కచ్చితంగా పాటించు. ఎల్‌ఈడీకి వెళ్లే వైరును 13వ పిన్ను నుంచి తీసి 5 వోల్టుల్లో గుచ్చమను. వెలిగిందా, వైరింగ్ సరే, తప్పు కోడ్‌లోనో పిన్ను నంబర్‌లోనో ఉంది. వెలగలేదా, ఎల్‌ఈడీ తిప్పి పెట్టమను. పొడవు కాలు ప్లస్ వైపు. అప్పటికీ లేకపోతే కరెంటు ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరుతోందో వేలితో చూపించమను. వేలు ఎక్కడ తడబడితే తప్పు అక్కడే. ఎక్కువసార్లు ఎల్‌ఈడీ రెండు కాళ్లూ ఒకే అయిదు రంధ్రాల వరుసలో ఉంటాయి. పొడవాటి బ్రెడ్‌బోర్డుల్లో కొన్నిటికి పక్కనుండే పవర్ లైను మధ్యలో తెగి ఉంటుంది, అదీ చూసుకో.

బటన్‌కు నాలుగు కాళ్లు, రెండేసి లోపల కలిసే ఉంటాయి. ఎదురుబదురు మూలల కాళ్లకు వైర్లు ఇస్తే ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. ముందు ఉత్త ఇన్‌పుట్‌గా పెట్టి, గాల్లో వదిలేసిన వైరు దగ్గరికి చెయ్యి తెస్తే లైటు ఎలా మినుకుమంటుందో చూడనివ్వు. తర్వాత ఇన్‌పుట్ పుల్అప్ (లోపలి రెసిస్టర్‌తో పిన్నును 5 వోల్టుల వైపు లాగి ఉంచడం) చేసి, బటన్ రెండో కాలు గ్రౌండ్‌కు ఇప్పించు. నొక్కితే 0, వదిలితే 1. ఈ తిరగేసిన లెక్క అందరికీ తికమకే కాబట్టి సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపేవి చూపే కిటికీలో) అంకెలు చూడనివ్వు.

కోడ్ చేత్తోనే కొట్టించు. సెమికోలన్ మర్చిపోతే ఎర్రర్ తరచు దాని తర్వాతి లైన్‌ను చూపిస్తుంది. ఎర్రర్లు పది వచ్చినా మొదటిదే చదవమను, అది సరిచేస్తే మిగతావాటిలో సగం పోతాయి.

తెర మీద బొమ్మకు, అంటే వెలుతురును బట్టి పెరిగి తరిగే వృత్తానికి, ప్రాసెసింగ్ వాడు. 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై మొదలుపెట్టిన ఈ భాషలోనూ ఆర్డుయినోలాగే సెటప్ (మొదట ఒక్కసారి నడిచేది) ఉంటుంది. లూప్ (మళ్లీ మళ్లీ నడిచేది) బదులు డ్రా. ఎల్‌డీఆర్‌ను 5 వోల్టుల నుంచి ఏ0 పిన్నుకి (కొలత చదివేది), 10 కిలో రెసిస్టర్‌ను ఏ0 నుంచి గ్రౌండ్‌కు పెడితే వెలుతురు పెరిగే కొద్దీ అంకె పెరుగుతుంది. కొలత 0 నుంచి 1023 దాకా అయినా గదిలో అంత విస్తీర్ణం రాదు. చెయ్యి అడ్డం పెట్టినప్పుడూ తీసినప్పుడూ వచ్చిన అంకెలు రాసుకుని, వాటినే మ్యాప్ ఫంక్షన్‌లో (ఒక శ్రేణి అంకెలను ఇంకో శ్రేణికి మార్చేది) పెట్టమను. లేకపోతే వృత్తం కదిలీ కదలనట్టు ఉంటుంది.

ఇక్కడ మూడు చిక్కులు. సీరియల్ మానిటర్ మూయకపోతే ప్రాసెసింగ్‌కు పోర్ట్ దొరకదు, ఒక పోర్ట్‌ను ఒకే ప్రోగ్రామ్ పట్టుకుంటుంది. పోర్టుల జాబితాలో మొదటిది అందరి కంప్యూటర్‌లోనూ ఆర్డుయినో కాదు. జాబితా ప్రింట్ చేయించి ఎంచుకోమను. ఇక చదివిన లైన్ ఖాళీగా, అంటే నల్‌గా వస్తే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అందుకని నల్ కాదని చూశాకే ట్రిమ్ చేసి (అటూ ఇటూ ఖాళీలు తీసేసి) అంకెగా మార్చాలి. ఆర్డుయినో, ప్రాసెసింగ్ రెండు వైపులా సీరియల్ వేగం ఒకటే, 9600 ఉండాలి.

చేతి నీడకు వృత్తం పెరిగి తరగడం మొదలయ్యాక చివరి 40 నిమిషాలు వాళ్లకే వదిలెయ్. రంగు మారుస్తారో, ఫొటో పెడతారో వాళ్లిష్టం. వైర్లు విప్పేముందు సర్క్యూట్ ఫొటో తీసుకోమను, ముందు యూఎస్‌బీ పీకమను.

ప్రాసెసింగ్ కోడ్ రాశాక నాకు పంపు, చూసి పెడతాను.