కాచడం కాదు, ముందు సంపు మూత తీయండి

వైజాగ్‌లో ఇంటి కుళాయి నీళ్లలో నైట్రైట్ అనే లవణం ఉందని టెస్ట్‌లో వచ్చింది, కాచి తాగితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. కాచితే క్రిములు చస్తాయి గానీ నైట్రైట్ పోదు. నీళ్లు మరిగి తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

మా ఇంట్లో జరిగిందదే. మా అమ్మాయి పురిటికి వచ్చింది, మనవడికి మూడో నెల, డబ్బా పాలు. మా ఆవిడ గిన్నెడు నీళ్లు సగమయ్యేదాకా మరిగించి పాలు కలిపేది, జాగ్రత్త అనుకుని. ఓ రోజు కెమిస్ట్రీ చదివే మా మేనల్లుడు టెస్ట్ కిట్ తెచ్చి వంటింటి నీళ్లలో పొడి వేశాడు. కాసేపటికి రోజ్‌మిల్క్ రంగు! కార్డుతో పోల్చి చూస్తే లీటరుకు 3 మిల్లీగ్రాముల గడి దాటింది. డబ్ల్యూహెచ్‌వో గీసిన గీత అక్కడే. ఆర్నెల్లలోపు పిల్లల ఒంట్లోకి ఇది ఎక్కువగా వెళ్తే రక్తం ఆక్సిజన్ మోయలేదని, పెదాలు, గోళ్లు నీలంగా మారతాయని వాడు తాపీగా చెబుతుంటే నాకు కాళ్లూచేతులూ ఆడలేదు. పిల్లాడి గోళ్లు చూశాను. ఎర్రగానే ఉన్నాయి.

అందరం కలిసి కార్పొరేషన్‌ని తిట్టాం. మర్నాడు తెల్లారి నీళ్లు వదిలినప్పుడు గేటు దగ్గర, సంపులోకి పడకముందే ఓ సీసా పట్టాం. బ్లీచింగ్ వాసన, అంటే క్లోరిన్ వాసన ఉంది, రంగు రాలేదు. సంపులోంచి తోడిన నీళ్లకి వాసన లేదు, రంగు మాత్రం వచ్చింది. క్లోరిన్ మిగిలి ఉంటే నైట్రైట్ నిలవదు, నైట్రేట్ అనే వేరే లవణంగా మారిపోతుంది. ఆ పనిలో క్లోరిన్ ఖర్చయిపోతుంది కూడా. వాచ్‌మన్ లోపలికి దిగి చూస్తే ఓ మూల గోడ చెమర్చి ఉంది. అటువైపు జానెడు దూరంలో డ్రైనేజీ చాంబర్! మురుగులోని అమ్మోనియాని బాక్టీరియా నైట్రైట్ చేస్తుందట. తాటిపూడి రిజర్వాయర్ నుంచో, రైవాడ రిజర్వాయర్ నుంచో అంత దూరం వచ్చిన నీళ్లు మా గేటు దాటాక పాడయ్యాయి. నన్నడిగితే ఊళ్లో సగం ఇళ్ల కథ ఇదే.

యూవీ ఫిల్టర్ దీన్ని తీయదు. ఆర్వో చాలావరకు తీస్తుంది గానీ ఎన్ని నీళ్లు పారబోస్తుందో! పిల్లాడికి మాత్రం ఆ నెలంతా సీలున్న బాటిల్ నీళ్లే కొన్నాం.

ఇక అసోసియేషన్ మీటింగు. పార్కింగ్ మీద రెండు గంటలు, సంపు మీద అయిదు నిమిషాలు. దాన్ని చివరిసారి ఎప్పుడు కడిగించారో ఎవరికీ గుర్తులేదు. రిపేరుకి ఫ్లాటుకి వెయ్యి అడిగితే రెండో అంతస్తు ఆయన, "మాకు ఆర్వో ఉందండీ" అని ఇప్పటికీ ఇవ్వలేదు.