ఫుట్‌బాల్ యాప్‌లకు ఏడాదికి పదివేలు: ఎలా తగ్గించుకోవాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. మోటార్లు, పైపుల షాపు ఉంది. నెలకు సగటున 38,000 ఇంటికి తెస్తాను. నాకూ, ఇంటర్ చదివే మా గుంటడికీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. 2022 ప్రపంచ కప్ జియోసినిమాలో పైసా కట్టకుండా చూశాం. ఇప్పుడు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ కోసం జియోహాట్‌స్టార్ ప్రీమియం నెలకు 299, యూరప్ క్లబ్‌ల చాంపియన్స్ లీగ్ కోసం సోనీలివ్ 399, కేబుల్లో స్పోర్ట్స్ ప్యాక్ 120 కడుతున్నాను. వాడి రియల్ మాడ్రిడ్ మ్యాచ్‌లకు ఫ్యాన్‌కోడ్ పాస్‌లు ఏడాదికి 600 దాకా అవుతాయి. మొన్న ఈఎంఐకి ముందురోజే ఒక యాప్ డబ్బు కట్ అయింది. ఖాతాలో కొద్దిలో తక్కువై, బ్యాంకు 590 బౌన్స్ ఛార్జీ వేసింది. అన్నీ తీసేయమని మా ఆవిడ అంటోంది. స్నేహితులేమో టెలిగ్రామ్ లింకులు పంపుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ చిరాకు న్యాయమైనదే. మీ అబ్బాయి రియల్ మాడ్రిడ్ ఆడే స్పెయిన్ లీగ్, లా లిగా సంగతే చూడండి. 2018లో మన దేశంలో ఫేస్‌బుక్‌లో ఉచితంగా వచ్చింది. 2021లో వయాకామ్18 అనే టీవీ కంపెనీ చేతికి వెళ్లింది, ఆ తర్వాత ఇంకొకరికి, ఇప్పుడు ఫ్యాన్‌కోడ్‌కి. చూసేవాడు మాత్రం ప్రతిసారీ కొత్త యాప్ దించుకుని, కొత్తగా డబ్బు కట్టాలి. ఇన్ని కంపెనీలు పోటీ పడితే ధర తగ్గాలి కదా అని మీకు అనిపించడం సహజం. ఒకే కంపెనీ మోటారు మీ బజారులో రెండు షాపుల్లో దొరికితే రేటు దిగుతుంది. ఇక్కడ అలా కాదు. ఒక్కో లీగ్ హక్కులు ఒక్కరికే అమ్ముతారు కాబట్టి వాళ్ల పోటీ అంతా హక్కులు కొనడంలోనే. ఆ ఖర్చు చివరికి మన మీదే పడుతుంది. దీన్ని మీరూ నేనూ మార్చలేం. మన చేతిలో ఉన్నది ఎప్పుడు కట్టాలి, దేనికి కట్టాలి అన్నదే.

మీ లెక్క వేశాను. హాట్‌స్టార్ 3,588, సోనీలివ్ 4,788, కేబుల్ ప్యాక్ 1,440, పాస్‌లు 600. మొత్తం ఏడాదికి 10,416. మీ ఆదాయానికి ఇది మునిగిపోయేంత ఖర్చు కాదు. తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని చూసే ఆటను పూర్తిగా మానేయమని నేను చెప్పను. కానీ ఇందులో సగానికి పైగా మీరు చూడని వాటికే పోతోంది.

సోనీలివ్‌తో మొదలుపెడదాం. చాంపియన్స్ లీగ్ రాత్రి మ్యాచ్‌లు చలికాలంలో మన టైమ్ ప్రకారం ఒంటిగంటన్నరకు మొదలవుతాయి. పొద్దున్నే షాపు తెరవాల్సిన మీరు, కాలేజీకి వెళ్లాల్సిన అబ్బాయి వాటిలో ఎన్ని చూశారో నిజాయితీగా లెక్కపెట్టండి. 2024 నుంచి 36 జట్లతో లీగ్ దశ సెప్టెంబర్ నుంచి జనవరి దాకా సాగుతోంది. ఆ నెలలకు అధికారిక యూట్యూబ్ హైలైట్స్ చాలు. క్వార్టర్ ఫైనల్స్ ఏప్రిల్‌లో మొదలవుతాయి, ఫైనల్ మే నెలాఖరునో, జూన్ మొదట్లోనో. క్వార్టర్స్ మొదలయ్యే రోజు ఒక నెల, అది అయ్యాక ఇంకో నెల కట్టండి: 798. పైగా 2026 నుంచి ఫైనల్ మనకు రాత్రి 9:30కే మొదలవుతుంది, ఇంటిల్లిపాదీ చూడొచ్చు. కట్టే ముందు ఏడాది ప్లాన్ ధర కూడా చూడండి. మీకు నాలుగైదు నెలలు కావాలనిపిస్తే అదే చవక కావచ్చు.

ప్రీమియర్ లీగ్ వేరు. మనకు సాయంత్రం, రాత్రి పూటే చాలా మ్యాచ్‌లు దొరుకుతాయి. ఆగస్టు నుంచి మే దాకా ఒక్కో జట్టు 38 ఆడుతుంది. మీరు నిజంగా చూసేది ఇదే కాబట్టి ఇది ఉంచండి. కానీ ప్రీమియం అవసరమా? లైవ్ మ్యాచ్‌లలో యాడ్స్ ప్రీమియంలోనూ వస్తాయి. టీవీలో పనిచేసే దాని కింది ప్లాన్ మీ ఇంటికి సరిపోతుంది. మీ ఫోన్ రీఛార్జ్‌తోనో, బ్రాడ్‌బ్యాండ్‌తోనో హాట్‌స్టార్ ఇప్పటికే వస్తోందేమో కూడా చూడండి. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఒకేదానికి రెండుసార్లు కడుతున్నవాళ్లు తరచూ కనిపిస్తారు. రీఛార్జ్‌తో వచ్చేది చాలాసార్లు ఫోన్‌లోనే పనిచేస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. ఇవేవీ మార్చకుండా ఉన్న ప్లానే పది నెలలకు కట్టినా 2,990. జూన్, జూలైలో లీగ్ ఉండదు, ఆ రెండు నెలలు ఎందుకు కట్టాలి?

కేబుల్ స్పోర్ట్స్ ప్యాక్ తీసేయండి. అదే ఆటకు రెండోసారి కడుతున్నట్టే. ఇంట్లో ఎవరికైనా ఏదో ఒక ఛానల్ కావాలంటే దాన్నొక్కటే విడిగా తీసుకోవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం 2019 నుంచి మనకు ఆ హక్కుంది, ఆపరేటర్ ప్యాకే తీసుకోవాలంటే ఒప్పుకోకండి. అబ్బాయి పాస్‌లు మాత్రం అలాగే ఉంచండి, అవి చూసే మ్యాచ్‌కే కట్టేవి.

ఇలా చేస్తే 4,388తో అయిపోతుంది. ఏడాదికి 6,028 మిగులు.

ఇక ఆ బౌన్స్ ఛార్జీ. ఫుట్‌బాల్ కన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే. ఫోన్‌లో మీ యూపీఐ యాప్ తెరిచి, ప్రొఫైల్‌లో ఆటోపే అన్న దగ్గర నొక్కండి. ఎవరెవరికి, ఎంత దాకా, ఏ ఖాతా నుంచి తీసుకోవడానికి అనుమతి ఇచ్చారో వరుసగా కనిపిస్తుంది. వద్దనుకున్నవి అక్కడే రద్దు చేయండి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ప్లే స్టోర్ ద్వారా కట్టినవైతే ప్లే స్టోర్‌లోకి వెళ్లి ఆపాలి. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి, 15,000 దాకా మళ్లీ ఓటీపీ అడగరు. కాబట్టి ఆ మెసేజ్‌లను చదవకుండా వదిలేయకండి.

ఈఎంఐ వెళ్లే ఖాతాకు ఏ యాప్‌నూ కలపొద్దు. మీ ఆవిడ పేరున ఉన్న సేవింగ్స్ ఖాతాలోనో, వేరే ఖాతాలోనో నెలకు 400 వేసుకుంటూ, ఆట ఖర్చంతా అందులోంచే పెట్టండి. ఖరీఫ్‌కు ముందు మీ షాపుకు గిరాకీ బాగుంటుంది కదా, అప్పుడే ఏడాది సొమ్ము ఒకేసారి వేసేసినా మంచిదే. ఆగస్టులో సీజన్ మొదలయ్యేసరికి డబ్బు సిద్ధంగా ఉంటుంది. ఎంత ఉందో ఆవిడకూ తెలుస్తుంది కాబట్టి ఇంట్లో గొడవా తగ్గుతుంది.

టెలిగ్రామ్ లింకుల జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి దించుకోమనే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్ బయటి నుంచి వేసుకునే యాప్‌లు) మీ యూపీఐ ఉన్న ఫోన్‌లోకే వస్తాయి. ఏడాదికి నాలుగువేల చిల్లర కోసం షాపు ఖాతాను పణంగా పెట్టకండి. ఇప్పటికే ఏదైనా అలాంటిది వేసుకుని, తెలియకుండా డబ్బు పోయిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి.

మిగిలిన సొమ్ములో కొంత అబ్బాయికి మంచి బూట్లు, బంతి కొనడానికి ఖర్చుపెట్టండి. మిగతాదాంతో బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే పొదుపు) మొదలుపెట్టండి.